పదిహేడు ఎందుకు వచ్చింది? ఆఫీసు పనికి కంట్రోల్ చార్ట్

నమస్కారం. ముందు బోర్డు మీద పన్నెండు అంకెలు రాస్తున్నాను, చూడండి.

14, 11, 15, 12, 17, 13, 10, 14, 16, 11, 13, 10.

ఇవి లెక్క కోసం కల్పించుకున్న అంకెలు. ఒక కంపెనీ అకౌంట్స్ విభాగానికి సరఫరాదారుల బిల్లులు వస్తుంటాయి. బిల్లు చేతికొచ్చిన రోజు నుంచి చెల్లింపుకు ఆమోదం పడేదాకా ఎన్ని రోజులు పట్టిందో, వారం వారం సగటు కట్టి రాశారనుకోండి. టార్గెట్ 10 రోజులు.

అయిదో వారం 17 వచ్చింది. మేనేజరు మీటింగు పెట్టి నాలుగు చీవాట్లు వేశాడు. ఆరో వారం 13, ఏడో వారం 10. "గట్టిగా అడిగితే గానీ పని కాదు" అని తేల్చుకున్నాడు. పది వచ్చినందుకు అందరినీ మెచ్చుకున్నాడు. ఎనిమిదో వారం 14, తొమ్మిదో వారం 16. "మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు" అని ఇంకో పాఠం నేర్చుకున్నాడు. కాకి వాలింది, తాటిపండు పడింది. సగటుకు బాగా దూరం పోయిన అంకె తర్వాత వచ్చేది చాలావరకు సగటు వైపే ఉంటుంది. తిట్టినా అంతే, పొగిడినా అంతే. కానీ ఆ మేనేజరుకు ఈ అనుభవం ఏడాది పొడుగునా ఎదురవుతుంది కాబట్టి, తిట్లే పనిచేస్తాయన్న నమ్మకం రోజురోజుకీ బలపడుతుంది.

ఈ చిక్కు కొత్తది కాదు. బెల్ టెలిఫోన్ వ్యవస్థకు పరికరాలు తయారుచేసే వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ షూహార్ట్ 1924 మే 16న తన పై అధికారికి ఒక చిన్న మెమో పంపాడు. అందులో ఒక బొమ్మ ఉంది, ఇప్పుడు మనం కంట్రోల్ చార్ట్ అంటున్నది అదే: మధ్యలో కదిలే చుక్కలు, వాటికి పైనా కిందా హద్దు గీతలు. హద్దుల లోపల ఊగే ఊగిసలాట ఆ పని తీరులోనే ఉంది. దానికి ఒక్కో చుక్కకూ విడిగా కారణం వెతకడం దండగ. హద్దు దాటిన చుక్కకు మాత్రం బయటి కారణమేదో ఉండి ఉంటుంది, దాన్ని వెతకాలి. మొదటిదాన్ని సాధారణ కారణం, రెండోదాన్ని ప్రత్యేక కారణం అంటున్నాం. ఫ్యాక్టరీల్లో పుట్టిన ఈ బొమ్మ బిల్లులకూ, ఫోన్ కాల్స్‌కూ, ఆర్డర్లకూ అలాగే పనిచేస్తుంది.

మన పన్నెండు అంకెలకు హద్దులు కడదాం. కాలిక్యులేటర్ చాలు. మొత్తం 156, సగటు 13. ఇప్పుడు పక్కపక్క అంకెల మధ్య తేడాలు తీయండి, ప్లస్సు మైనస్సులు వదిలేయండి: 3, 4, 3, 5, 4, 3, 4, 2, 5, 2, 3. ఇవి పదకొండు, మొత్తం 38, సగటు 3.45. దీన్ని 2.66తో గుణిస్తే సుమారు 9.2. సగటుకు కలిపితే పై హద్దు 22.2, తీసేస్తే కింది హద్దు 3.8. ఆ 2.66 ఆకాశం నుంచి ఊడిపడలేదు. పక్కపక్క తేడాల సగటును 1.128తో భాగిస్తే సిగ్మా, అంటే అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే ప్రామాణిక విచలనం, దాని అంచనా వస్తుంది, దానికి మూడు రెట్లు కావాలి. మూడును 1.128తో భాగిస్తే 2.66.

అంటే ఈ ఆఫీసు, ఇప్పుడున్న పద్ధతిలో, ఏ తప్పూ ఏ గొప్పా జరగకుండానే ఒక వారం 5 రోజులు, ఇంకో వారం 21 రోజులు చూపించగలదు. 17 వచ్చిన వారానికి విడిగా సంజాయిషీ అడగడానికి ఆధారం లేదు. 10 వచ్చిన వారానికి స్వీట్లు పంచడానికీ లేదు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ చేస్తారు. టార్గెట్ 10ని తీసుకెళ్లి పై హద్దుగా గీసేస్తారు. హద్దులు పని చెప్పే మాట, టార్గెట్ మనం కోరుకునే మాట. రెంటినీ ఒకే గీత చేస్తే చార్టు చూసే పనే ఉండదు, దాదాపు ప్రతి వారమూ ఎర్ర రంగే. ఇంకొకటి, స్ప్రెడ్‌షీట్‌లో మొత్తం అంకెలకు ప్రామాణిక విచలనం కట్టి మూడు రెట్లు చేయడం. ఈ పన్నెండింటికి అలా కట్టినా చెప్పే మాట మారదు. కానీ నడుమ ఎక్కడో సగటు మారిపోయిన డేటాలో, ఆ మార్పు కూడా విచలనంలో కలిసిపోయి హద్దులు వెడల్పవుతాయి. పట్టుకోవాల్సిన దొంగ హద్దుల లోపలే దాక్కుంటాడు. పక్కపక్క తేడాలతో కట్టేది అందుకే.

ప్రతి హెచ్చుతగ్గుకూ స్పందిస్తే నష్టమేమిటి, జాగ్రత్త పడితే మంచిదే కదా అనుకోవచ్చు. నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్ గణాంక నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ తన తరగతుల్లో గరాటు ప్రయోగం ఒకటి చూపించేవాడు. గరాటులోంచి గోళీ వదులుతారు, కింద గుర్తు పెట్టిన చోటుకు అటూ ఇటూ పడుతుంది. పడిన ప్రతిసారీ ఎంత తప్పిందో అంత వెనక్కి గరాటును జరుపుతూ పోతే, కదపకుండా వదిలేసినప్పటి కన్నా చెదురు పెరుగుతుంది. ఆ చెదురును కొలిచే విచలన వర్గం (సిగ్మా వర్గం) సరిగ్గా రెట్టింపవుతుంది. ఆఫీసులో గరాటు జరపడమంటే వారానికో కొత్త సర్క్యులర్, వారానికో కొత్త సంతకం.

సరే, హద్దులు వచ్చాయి. కానీ ఆ అంకెలు దేన్ని కొలుస్తున్నాయి? నన్నడిగితే కష్టమంతా ఇక్కడే ఉంది, ఎక్కువమంది దాటేసి పోయేదీ ఇక్కడే.

"బిల్లు వచ్చిన రోజు" అంటే ఏ రోజు? ఈమెయిల్ అందిన రోజా, రిజిస్టర్‌లో ఎక్కించిన రోజా? ఎక్కించడానికే మూడు రోజులు పడుతుంటే ఆ మూడు రోజులు ఎవరి లెక్కలోనూ ఉండవు. తప్పుందని వెనక్కి పంపిన బిల్లు మళ్లీ వస్తే గడియారం కొత్తగా మొదలవుతుందా, పాతదే నడుస్తుందా? కొత్తగా మొదలయ్యేటట్టయితే సగటు తగ్గించే సులువైన దారి ఒకటి దొరికినట్టే: ఆలస్యమైన బిల్లులో ఏదో ఒక వంక పట్టి వెనక్కి పంపడం. అంకె బాగుంటుంది, సరఫరాదారు మాత్రం 40 రోజులుగా ఎదురుచూస్తూనే ఉంటాడు. సెలవులు లెక్కలోకి వస్తాయా రావా? ఇవన్నీ ఒక కాగితం మీద, ఇద్దరు చదివితే ఇద్దరికీ ఒకే అర్థం వచ్చేటట్టు రాసుకోనిదే మొదటి అంకె కూడా నమోదు చేయకండి. నిర్వచనం మార్చారా, చార్టు మళ్లీ మొదటి నుంచి వేయాల్సిందే.

తప్పులు లెక్కపెట్టే చోట ఇంకో గొయ్యి ఉంది. ఇద్దరు పరిశీలకులకు అవే 50 బిల్లులు విడివిడిగా ఇవ్వండి. ఒక్కొక్కరూ 45 సరైనవి, 5 తప్పువి అన్నారు. ఇద్దరి మాటా కలిసింది 40 బిల్లుల్లో. 80 శాతం ఏకాభిప్రాయం, బాగానే ఉందనిపిస్తుంది. కానీ వివరంగా చూడండి. ఇద్దరూ సరైనవన్నవి 40. మిగతా పదింట్లో ఒకరు తప్పన్న అయిదూ ఇంకొకరికి సరైనవే. ఇద్దరూ కలిసి తప్పని పట్టుకున్న బిల్లు ఒక్కటీ లేదు! ఇద్దరూ కళ్లు మూసుకుని నూటికి 90 చొప్పున "సరైనది" ముద్ర వేసుకుంటూ పోయినా 82 శాతం కలిసేది. 0.9ని 0.9తో, 0.1ని 0.1తో గుణించి కలపండి, అదే వస్తుంది. అంటే ఈ పరిశీలన గుడ్డి ముద్ర కన్నా కాస్త అధ్వానం. అదృష్టంతో కలిసే భాగాన్ని తీసేసి చూపే కొలతను కప్పా అంటారు. ఇక్కడది మైనస్ 0.11. కొలిచేవాళ్లు ఇలా ఉన్నప్పుడు తప్పుల చార్టు వేస్తే అది పని తీరును చూపదు, ఆ వారం ఏ పరిశీలకుడు డ్యూటీలో ఉన్నాడో చూపిస్తుంది.

కొలత సరిచేసుకున్నాం అనుకుందాం. చార్టులో హద్దు దాటిన చుక్క లేదు. సగటు 13, కావాల్సింది 10. ఇప్పుడు ఎవర్నీ అడగడానికి లేదు, పద్ధతిని మార్చాలి. ఎక్కడ మార్చాలో తెలియాలంటే ముందు ఆ 13ని విడదీయాలి.

బిల్లులు రెండు రకాలు: కొనుగోలు ఆర్డరు నంబరు ఉన్నవి, లేనివి. విడదీసి చూస్తే నంబరున్న 80 శాతానికి 8 రోజులు, లేని 20 శాతానికి 33 రోజులు పడుతున్నాయనుకోండి. సగటు కట్టండి: 6.4, 6.6 కలిపితే సరిగ్గా 13. కానీ ఏ రకం బిల్లూ 13 రోజులకు అటూ ఇటూగా తేలడం లేదు. ఎనిమిదో, ముప్పై మూడో. నంబరు లేని బిల్లు వస్తే ఆ సరుకు ఎవరు తెప్పించారో కనుక్కోవడానికే వారాలు గడుస్తాయి.

ఇప్పుడు మొదటి అంకెల దగ్గరికి వెళ్దాం. పని వేగం ఏమాత్రం మారకపోయినా, ఒక వారం ముగిసిన బిల్లుల్లో నంబరు లేనివి 8 శాతమే ఉంటే ఆ వారం సగటు 10. అవి 36 శాతం ఉంటే సగటు 17. అంటే ఆ 17 వచ్చిన అయిదో వారం, మూల పడి ఉన్న మొండి బిల్లులను దుమ్ము దులిపి ముగించిన వారం కావచ్చు. కష్టపడ్డ వారానికే చీవాట్లు పడ్డాయన్నమాట. ముగిసిన బిల్లులకే రోజులు లెక్కగట్టే ఏ కొలతకైనా ఈ జబ్బు ఉంటుంది: పాత బకాయి తీర్చిన వారం అంకె చెడుతుంది, తేలికైనవి ఏరుకుని కష్టమైనవి పక్కన పెట్టిన వారం అంకె మెరుస్తుంది. ఆ చీవాట్ల తర్వాత సిబ్బంది ఏం నేర్చుకుని ఉంటారో మీరే ఊహించండి. విరుగుడు ఒకటే. రెండు రకాలకూ రెండు చార్టులు, వాటి పక్కన ఇంకా తెమలని బిల్లుల వయసు ఎంతో చెప్పే మూడో అంకె.

తెమలని బిల్లులంటే గుర్తొచ్చింది. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన ఒక సూత్రం ఉంది, క్యూల లెక్కల్లో ఇంత సాదా సూత్రం ఇంకోటి ఉండదు. లోపల ఉన్న పని పరిమాణం, రోజుకు బయటికి పోయే పని ఇంటూ పట్టే కాలం. వచ్చేదీ పోయేదీ నిలకడగా ఉంటే చాలు. రోజుకు సగటున 20 బిల్లులు పోతున్నాయి, 13 రోజులు పడుతోంది. అయితే 260 బిల్లులు పెండింగులో ఉండి తీరాలి. ఇందులో నంబరు లేనివి రోజుకు 4, ఒక్కోటి 33 రోజులు, మొత్తం 132. అయిదో వంతు బిల్లులు సగానికి పైగా కుప్పను ఆక్రమించాయి. పెండింగు లెక్కపెట్టడం నిమిషాల పని. కాబట్టి రోజుల లెక్కకూ పెండింగుకూ పొత్తు కుదరకపోతే ఎక్కడో నమోదు తప్పుతోందని వెంటనే తెలిసిపోతుంది.

ఇక ఆ రోజులన్నీ ఎక్కడ పోతున్నాయి? ముప్పై బిల్లులు తీసుకుని, ప్రతి టేబుల్ దగ్గరా ఎప్పుడు చేరాయో, ఎప్పుడు కదిలాయో రాయించండి. నమోదు, ఆర్డరుతో పోల్చడం, సరుకు అందినట్టు ధ్రువీకరణ, పన్ను సరిచూడడం, ఆమోదం సంతకం. ఇలాంటి పనుల్లో చేతిలో పట్టుకుని చేసే పని నిమిషాల్లో ఉంటుంది, మిగతాదంతా ఎదురుచూపే. కాబట్టి మనుషుల్ని పరుగెత్తించి నిమిషాలు తగ్గిస్తే రోజులు తగ్గవు.

సంతకం దగ్గర ఆగుదాం. ఆమోదించే అధికారి వారానికి ఒకసారి, గురువారం నాడు, కట్ట మొత్తం మీద సంతకాలు చేస్తాడనుకోండి. లెక్క సులువుగా ఉండడానికి బిల్లులు వారం పొడుగునా సమంగా వస్తాయనుకుందాం. బుధవారం సిద్ధమైన బిల్లు ఒక రోజు ఆగుతుంది, శుక్రవారం సిద్ధమైంది ఆరు రోజులు ఆగుతుంది. సగటున సగం వారం, 3.5 రోజులు. అదే సంతకం రోజూ పెడితే సగటు ఎదురుచూపు సగం రోజు. మూడు రోజులు మిగిలాయి. 13 కాస్తా 10 అయింది, పెండింగు 260 నుంచి 200కు దిగింది. కొత్త సాఫ్ట్‌వేరు లేదు, కొత్త ఉద్యోగి లేడు, ఓవర్‌టైమ్ లేదు. ఓవర్‌టైమ్ పెట్టి అరవై బిల్లులు ఒక్కసారిగా తెమిల్చినా, గురువారం అలవాటు అలాగే ఉంటే కుప్ప మళ్లీ పేరుకుంటుంది.

అయితే సగటు 10 అయితే టార్గెట్ అందినట్టేనా? "ప్రతి వారమూ 10కి మించకూడదు" అన్నదే మాట అయితే, కాదు. సగటు 10 అంటే దాదాపు సగం వారాలు పది దాటతాయి. పై హద్దు పదికి లోపల పడాలంటే సగటు ఇంకా దిగాలి, ఊగిసలాట కూడా తగ్గాలి. ఇక్కడ నంబరు లేని బిల్లులే అడ్డం. అవి లోపలికి రాకుండా ఆర్డరు దశలోనే ఆపగలిగితే ఆ రెండూ ఒకేసారి తగ్గుతాయి.

తప్పుల శాతానికి వేసే పీ చార్టు గురించి త్వరగా చెప్పి ముందుకెళ్తాను. వారానికి 200 బిల్లులు పరిశీలిస్తున్నారు, సగటున 4 శాతం తప్పులు, అంటే 8. పై హద్దు కట్టాలంటే 0.04ని 0.96తో గుణించి, 200తో భాగించి, వర్గమూలం తీసి, మూడు రెట్లు చేయాలి. 4.2 శాతం వస్తుంది. పై హద్దు 8.2 శాతం, అంటే 16 తప్పుల దాకా మామూలే. 8 నుంచి 13కు పెరిగితే నివేదికలో "62 శాతం పెరుగుదల" అని పెద్దక్షరాల్లో రాస్తారు. చార్టు దృష్టిలో అక్కడేమీ జరగలేదు. కింది హద్దు మైనస్‌లో పడుతుంది, సున్నా అని తీసుకోండి.

అదే సూత్రాన్ని వారానికి 20,000 లావాదేవీలున్న చోట వాడితే తల్లకిందులవుతుంది. హద్దులు 3.6, 4.4 దగ్గర ఇరుక్కుపోతాయి, చుక్కలన్నీ బయటే. అప్పుడు పని అదుపు తప్పిందని కంగారు పడకండి. ప్రతి బిల్లుకూ తప్పయ్యే అవకాశం వారం వారం ఒకేలా ఉంటుందని ఆ సూత్రం ఊహించుకుంది, నిజంలో అలా ఉండదు. అలాంటప్పుడు వారపు శాతాలనే మామూలు అంకెలుగా తీసుకుని, ఇందాక చేసినట్టు పక్కపక్క తేడాలతో హద్దులు కట్టండి.

సిక్స్ సిగ్మా అంకెల విషయంలో కూడా ఒక హెచ్చరిక. లోపాలు తగ్గించడానికి 1980ల్లో మోటరోలాలో మొదలైన ఈ పద్ధతిలో పది లక్షలకు 3.4 లోపాలనే మాట అందరికీ తెలుసు. కాలక్రమంలో సగటు 1.5 సిగ్మాలు పక్కకు జరుగుతుందన్న ఊహను అందులో కలిపేశారని చాలామందికి తెలియదు. అసలు గారడీ మాత్రం తప్పు జరగడానికి ఉన్న "అవకాశాలు" లెక్కపెట్టడంలో ఉంది. మన 200 బిల్లుల్లో 8 తప్పులు. బిల్లును ఒక అవకాశం అనుకుంటే పది లక్షలకు 40,000, అంటే సుమారు 3.25 సిగ్మా స్థాయి; స్థాయి పెరిగితే లోపాలు తక్కువని అర్థం. ఒక్కో బిల్లులో 25 గడులున్నాయి, ఒక్కో గడీ ఒక అవకాశం అనండి. పది లక్షలకు 1,600, సుమారు 4.45 సిగ్మా. ఒక్క తప్పు కూడా తగ్గలేదు, స్థాయి మాత్రం ఎక్కేసింది. అందుకే ఎవరైనా సిగ్మా స్థాయి చెబితే భాగహారంలో కింద ఏముందో ముందు అడగండి.

మార్పు చేశాక పనిచేసిందో లేదో ఎలా తేల్చాలి? ముందు నెల సగటు, తర్వాతి నెల సగటు పక్కపక్కన పెట్టి చూపించడం సాక్ష్యం కాదు, మేనేజరు మీటింగుకూ అదే సాక్ష్యం దొరికింది కదా. పాత సగటు గీతను, పాత హద్దులను చార్టు మీద అలాగే ముందుకు పొడిగించండి. చుక్కలు వరసగా ఎనిమిది ఆ పాత సగటుకు కిందే పడితే మార్పు నిజమే అనవచ్చు. ఏమీ మారనప్పుడు వరసగా ఎనిమిది కింద పడే అవకాశం 256లో ఒకటి. అప్పుడే కొత్త చుక్కలతో కొత్త హద్దులు కట్టండి, ఏ తేదీన ఏం మార్చామో చార్టు మీదే రాయండి. ఆరు నెలల తర్వాత చూసే మనిషికి ఆ రాత లేకపోతే ఆ మెట్టు ఎందుకు దిగిందో తెలియదు.

టైము ఉంది కాబట్టి రెండు ప్రశ్నలు తీసుకుంటాను.

"పన్నెండు అంకెలతో హద్దులు కట్టొచ్చా?" కట్టొచ్చు, తాత్కాలికంగా. అంకెలు చేరుతున్న కొద్దీ తిరగ కట్టుకుంటూ, ఇరవై, ఇరవై అయిదు వచ్చాక స్థిరపరచండి. ఆ తర్వాత ప్రతి వారమూ కొత్త అంకెను కలిపి హద్దులు మార్చే సాఫ్ట్‌వేర్లున్నాయి, ఆ సదుపాయం ఆపేయండి. మెల్లగా దిగజారే పనితో పాటు హద్దులూ జరిగిపోతే గంట ఎప్పటికీ మోగదు.

"హద్దు దాటిన చుక్క కనిపిస్తే ముందు ఏం చేయాలి?" అంకె సరిగ్గా ఎక్కించారో లేదో చూడండి. దశాంశ బిందువు జారడం, ఒకే కట్ట రెండుసార్లు నమోదవడం అరుదు కాదు. అంకె నిజమైతే ఆ రోజే, ఆ టేబుల్ దగ్గరికే వెళ్లి అడగండి. నెలాఖరు రివ్యూ దాకా ఆగితే ఆ వారం ఏం జరిగిందో ఎవరికీ గుర్తుండదు, అందరూ కలిసి ఒక కారణం అల్లుతారు. అడిగేటప్పుడు "ఎవరు చేశారు" అనకుండా "ఈ వారం మామూలుగా జరగనిది ఏం జరిగింది" అనండి. సర్వర్ ఆగిందా, కొత్త పన్ను ఫారం వచ్చిందా, ఒకే సరఫరాదారు మూడు నెలల బిల్లులు ఒక్కసారే పంపాడా. ఒక్కోసారి ఏమీ దొరకదు. చుక్కల పంపిణీ గంట ఆకారంలో ఉంటే, ఏ కారణమూ లేకుండానే 370 చుక్కల్లో ఒకటి బయట పడుతుంది. అలాంటప్పుడు చార్టు మీద "కారణం దొరకలేదు" అని రాసి, తర్వాతి చుక్క కోసం చూడండి.